సర్దుకుపోతే మంచు పడుతుందా?

2024 సంక్రాంతికి మా తెలుగువాళ్ళం ఒకరింట్లో చేరాం. మేముండేది అమెరికాలో, మినెసోటా రాష్ట్రం, మినియాపొలిస్ పక్కన. బొబ్బట్లు, పులిహోర, గారెలు బల్ల మీదికి చేరాక మాటలు ఎప్పట్లాగే వాతావరణం మీదికి మళ్ళాయి. "ఈ ఏడు ఎంత హాయిగా ఉందో వదినా! డిసెంబరంతా పార ముట్టుకోలేదు" అంది ఒకామె. ఒకాయన అందుకున్నాడు: "మా వీధిలో స్నోమొబైళ్ళన్నీ పట్టాలు కప్పుకుని పడుకున్నాయి. వేలకి వేలు పోసి కొన్నారు, ఇక గడ్డి మీద తోలుకోవాలి పాపం." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పట్టుమని మూడు వారాలు తిరక్కుండానే ఆ నవ్వుకి నాకు శాస్తి జరిగింది. అది తర్వాత చెప్తాను.

నాది అనంతపురం జిల్లా. వాన కోసం ఆకాశం కేసి చూడటమంటే ఏమిటో చిన్నప్పట్నించీ తెలిసినదాన్ని. మా నాయన శెనక్కాయ విత్తనాలు తెచ్చి ఇంట్లో పెట్టుకుని, ఇవాళ పడుతుంది, రేపు పడుతుంది అని అరుగు మీద కూర్చునేవాడు. జూలై దాటినా పదును వాన పడకపోతే ఇంట్లో మాటలు తగ్గిపోయేవి. అమ్మ మాత్రం ఏమీ జరగనట్టే సంకటి కెలికేది. అలాంటి ఇంట్లోంచి వచ్చిన నేను, పక్కింటాయన మంచు కోసం ఎదురు చూస్తుంటే నవ్వాను. వాన రాకపోతే కరువు అన్నవాళ్ళం, మంచు రాకపోతే హాయి అని ఎట్లా అంటాం?

స్నోమొబైల్ చూడనివాళ్ళ కోసం చెప్తాను. ముందు రెండు స్కీలు, వెనక తిరిగే రబ్బరు పట్టా, పైన మోటార్ సైకిల్ లాంటి సీటూ హ్యాండిలూ. ఇక్కడివాళ్ళు ముద్దుగా స్లెడ్ అంటారు. చూస్తే డబ్బున్నవాళ్ళ ఆటబొమ్మలా ఉంటుంది. కానీ అది ఆటబొమ్మగా పుట్టలేదు. కెనడాలోని క్యూబెక్‌లో జోసెఫ్ అర్మాండ్ బొంబార్డియర్ అనే మెకానిక్, 1934 శీతాకాలంలో మంచుకి దారులు మూసుకుపోతే, జబ్బు చేసిన రెండేళ్ళ కొడుకుని ఆసుపత్రికి చేర్చలేక పోగొట్టుకున్నాడు. మంచు మీద నడిచే బండి కోసం అప్పటికే తంటాలు పడుతున్న మనిషి, ఆ తర్వాత ఇక దాన్ని వదల్లేదు. 1937లో పేటెంటు వచ్చింది. 1959లో ఆయన కంపెనీ నుంచే స్కీ-డూ అనే చిన్న బండి వచ్చింది. ఇక్కడ మినెసోటాలో కెనడా సరిహద్దు దగ్గర రోజో అనే చిన్న ఊళ్ళో, వ్యవసాయ పనిముట్లు చేసుకునేవాళ్ళు 1950లలో పోలారిస్ కంపెనీ మొదలుపెట్టారు. ఆ ఊరు ఇవాళ్టికీ ఆ ఫ్యాక్టరీ మీదే బతుకుతోంది.

మా పక్కింటి పెద్దాయన స్కూలు బస్సు తోలి రిటైరైన మనిషి. ఆయన స్లెడ్ సెకండ్‌హ్యాండుది. ఆయన్ని చూసే నాకు ఈ లోకం తెలిసింది. మినెసోటాలో 22 వేల మైళ్ళకి పైగా స్నోమొబైల్ దారులున్నాయి. వాటిలో చాలా భాగాన్ని చూసుకునేది ఊరూరా ఉన్న క్లబ్బులు. రిజిస్ట్రేషన్ రుసుములోంచీ పెట్రోలు పన్నులోంచీ ప్రభుత్వం కొంత డబ్బిస్తుంది, చాకిరీ మాత్రం వీళ్ళదే, జీతం లేదు. ఆకురాలే కాలంలో పొలాలున్న రైతుల గడపలెక్కి దారి కోసం అనుమతి అడుగుతారు. పడిపోయిన చెట్లు కోస్తారు, వాగుల మీద చెక్క వంతెనలు బాగు చేస్తారు, గుర్తు కర్రలు పాతుతారు. మంచు పడ్డాక రాత్రుళ్ళు మేలుకుని పెద్ద యంత్రంతో చదును చేస్తారు. డిసెంబరు 1 నుంచి ఏప్రిల్ 1 దాకా, నాలుగు నెలల కోసం ఇంత పని. మనకి సేద్యంలో ఉన్నట్టే దీనికీ అదనూ పదునూ ఉన్నాయి. ముందు నేల గట్టిగా గడ్డకట్టాలి, చిత్తడి చేలు బిగుసుకోవాలి, ఆ పైన మంచు పడాలి. నేల గడ్డకట్టకముందే ఎంత పడినా కింద బురదే.

2022-23లో మా దగ్గర 90 అంగుళాల మంచు పడింది. పార తీసీ తీసీ నడుములు విరిగాయి. ఆ మరుసటి ఏడే అంతా తారుమారు. క్రిస్మస్ రోజున వాన! మినెసోటాలో లెక్కలు రాయడం మొదలుపెట్టాక అంత వెచ్చని శీతాకాలం లేదని తేలింది. డులూత్ దగ్గర ఏటా జరిగే జాన్ బేర్‌గ్రీస్ కుక్కబళ్ళ పందెం, సుమారు 300 మైళ్ళది, రద్దయింది. పక్కనున్న విస్కాన్సిన్‌లో బిర్కెబైనర్ అనే స్కీ పందెం యాభై కిలోమీటర్ల అడవి దారిలో సాగాల్సింది, యంత్రాలతో చేసిన మంచు పరిచి పది కిలోమీటర్ల చుట్టులో తిప్పి అయిందనిపించారు. "అలాగే స్నోమొబైళ్ళకీ మంచు చేసుకోవచ్చుగా" అన్నారు మావారు. 22 వేల మైళ్ళకా స్వామీ!

మరి మంచు లేకపోతే ఈ స్లెడ్‌వాళ్ళు ఏం చేస్తున్నారు? సర్దుకుపోతున్నారు. ఈ మాట మనకి ఎంత పాతదో మీకు చెప్పక్కర్లేదు. అత్తగారింటికి పంపేటప్పుడు ఒడిబియ్యంతో పాటు కట్టి ఇచ్చే మాట. వీళ్ళు ఎలా సర్దుకుంటున్నారంటే, ట్రక్కు వెనక ట్రెయిలర్ తగిలించి, అందులో స్లెడ్లు ఎక్కించి మంచు ఉన్నచోటికి పోతారు. మిషిగన్ ఉత్తరానికి ఆరేడు గంటలు, మొంటానా కొండలకైతే పదిహేను గంటలు. పెట్రోలు, మోటలు గది, సెలవులు. అది భరించగలిగినవాళ్ళ సంగతి. భరించలేనివాళ్ళు దగ్గర్లో ఉన్న దారి చూసుకుంటారు. గడ్డకట్టిన చెరువు. దారులు మూసేసినా చెరువుకి తాళం వేసేవాడు లేడు కదా.

నా శాస్తి అక్కడుంది.

మా చిన్నాడికి అప్పుడు పదహారేళ్ళు. స్నోమొబైల్ భద్రత క్లాసుకి పోయి సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. మంచి ఏళ్ళలో పక్కింటి పెద్దాయన వాణ్ణి వెంటబెట్టుకుని ఉత్తరాన వాళ్ళ చెక్క ఇంటికి తీసుకెళ్ళేవాడు. ఆ జనవరి ఆఖరున ఒక శనివారం పిలిచాడు. దారులు మూసున్నాయి, చెరువు మీద ఒక గంట తిరిగొస్తామన్నాడు. మధ్యలో ఒక వారం గట్టి చలి పట్టింది నిజమే, కానీ ఆ వెంటనే మళ్ళీ వెచ్చబడింది. నేను వద్దన్నాను. "అమ్మా, నీకు అన్నిటికీ భయమే" అన్నాడు వాడు. "పోనీలే, నలభై ఏళ్ళ అనుభవం ఉన్న మనిషి" అన్నారు మావారు. నేను సర్దుకుపోయాను.

నాలుగింటికి ఫోన్ చేస్తానన్నవాడు చేయలేదు. ఐదైంది, చీకటి పడింది. ఆరు. నేను ఫోన్ చేస్తే మోగడం లేదు. చెక్క ఇంట్లో ఉన్న పెద్దావిడ ఫోన్ ఎత్తి, "ఇంకా రాలేదు, దీపం బయట పెట్టాను" అంది. ఆ గొంతు వింటే నాకు కాళ్ళలో సత్తువ పోయింది. డిసెంబరు చివర్లోనే అప్పర్ రెడ్ లేక్ మీద ఐస్ పలక విడిపోయి, చేపలు పట్టడానికి పోయిన వందమందికి పైగా జనం నీళ్ళ మధ్య చిక్కుకుంటే పడవలతో దాటించారు. టీవీలో చూసిన ఆ దృశ్యమే కళ్ళ ముందు తిరుగుతోంది. ఏడున్నరకి వాడి ఫోన్ వచ్చింది. స్లెడ్ ఇంజన్ వేడెక్కి చెరువు నడిమధ్య ఆగిపోయింది. రెండో స్లెడ్‌ని కూడా అక్కడే వదిలేసి, బరువు ఒకచోట పడకుండా ఇద్దరూ ఎడంగా నడుచుకుంటూ వచ్చారట. కింద ఐస్ టపటపా చప్పుడు చేస్తోందట.

ఇంజన్ ఎందుకు వేడెక్కిందో తర్వాత తెలుసుకున్నాను. ఈ బళ్ళలో చాలావాటికి ఇంజన్ చల్లబడేది రబ్బరు పట్టా ఎగరేసిన మంచు లోపలి గొట్టాలకి తగిలినప్పుడే. పట్టా కింద ఉండే ప్లాస్టిక్ పట్టీలు అరిగి కరిగిపోకుండా కాపాడేదీ ఆ మంచే. ఉత్త ఐస్ మీద నడిపితే ఎగరడానికి మంచేదీ? ఐస్‌ని గీరి పొడి చేసే స్ప్రింగులు అమ్ముతారు. ఆయన బండికీ ఉన్నాయి, ఒకటి విరిగింది. మంచు కోసం పుట్టిన బండి మంచు లేనిచోట ఎంత సర్దుకున్నా నడవనంటోంది. మనుషులకే అర్థం కావడం లేదు. మర్నాడు పగలు ఒడ్డు దగ్గర బెజ్జం వేసి కొలిస్తే నాలుగంగుళాలు. ఇక్కడి ప్రభుత్వ లెక్క ప్రకారం నాలుగంగుళాల మీద మనిషి నడవచ్చు, స్నోమొబైల్‌కి ఐదు నుంచి ఏడు కావాలి. అదీ స్వచ్ఛమైన కొత్త ఐస్ అయితేనే. తెల్లగా ఉంటే బలం సగమే. ఆ బెజ్జం ముందు రోజు ఎందుకు వేయలేదు?

వారం తర్వాత పెద్దావిడ మా ఇంటికొచ్చింది. టీ ముందు పెట్టుకుని, "నలభై ఏళ్ళుగా ఆ కిటికీ దగ్గరే నించున్నాను. అప్పట్లో మంచు ఎక్కువై భయం, ఇప్పుడు లేక భయం" అంది. మరి ఆయనకి చెప్పలేదా అంటే, చేతిలో ఉన్న ఆ కాస్త సరదా కూడా పోతే ఆయన ఏమైపోతాడో అని ఊరుకున్నానంది. అక్కలూ, ఈ మాట ఏ ఊరి ఆడదైనా అనేదే కదా? బయట ఎవరెంత ధైర్యంగా సర్దుకుంటున్నారన్నా, ఆ సర్దుబాటు బరువు మోసేది కిటికీ దగ్గర నించున్నవాళ్ళు.

అందుకే స్లెడ్‌వాళ్ళతో నాకిప్పుడు పెద్ద పేచీ. క్లబ్బులో అడిగితే "ఇలాంటి ఏళ్ళు ఎప్పుడూ ఉండేవే, ఎల్ నీనో" అంటారు. ఆ ఏడు ఎల్ నీనో ఉన్న మాట నిజం. కానీ ఈ రాష్ట్రంలో వేసవికంటే శీతాకాలం, పగళ్ళకంటే రాత్రుళ్ళు ఎక్కువ వేగంగా వేడెక్కుతున్నాయని దశాబ్దాల లెక్కలు చెప్తున్నాయి. మరుసటి ఏడు ఎల్ నీనో లేదు, చలీ వచ్చింది, అయినా మా దగ్గర మంచు అంతంత మాత్రమే. మంచు లేక నష్టపోయిన మోటళ్ళకీ హోటళ్ళకీ ఫెడరల్ ప్రభుత్వం కరువు కింద తక్కువ వడ్డీ అప్పులిచ్చింది. అప్పిచ్చేవాడు కరువంటున్నాడు, పోగొట్టుకున్నవాడు మాత్రం "ఎప్పుడూ ఉండేదే" అంటాడు! మా నాయన కూడా ఇలాగే అనేవాడు. వచ్చే ఏడు బాగుంటుందని మళ్ళీ విత్తనాలకి అప్పు చేసేవాడు.

కంపెనీలు మాత్రం సర్దుకోవడంలో మనకంటే గడుసువి. యమహా 1968 నుంచి స్నోమొబైళ్ళు చేస్తూ వచ్చింది. 2023లో ఇక మానేస్తున్నానని ప్రకటించి తప్పుకుంది. థీఫ్ రివర్ ఫాల్స్‌లో ఆర్కటిక్ క్యాట్ ఫ్యాక్టరీ ఆపేస్తామని 2024 చివర్లో పాత యజమానులు చెప్పారు, 2025లో వేరేవాళ్ళు కొన్నారు. ఆ మధ్య నెలల్లో ఆ ఊళ్ళో ఇళ్ళు ఎలా గడిచాయో ఎవరూ రాయలేదు. ఇక కొత్త బండి కావాలంటే వసంతంలోనే ముందస్తుగా ఆర్డరివ్వాలని ఊరిస్తారు. ఏప్రిల్లో బయానా కడతాం, డిసెంబరులో మంచు పడుతుందో లేదో దేవుడికే తెలియాలి. నష్టభయం ఎవరింటికి చేరిందో చూశారా?

మనవాళ్ళ వాదన ఒకటుంది. "పెట్రోలు తగలేసి పొగ పెట్టింది వాళ్ళే, అనుభవించనీ." పొగ మాట అబద్ధం కాదు. పాత టూ-స్ట్రోక్ ఇంజన్లు తాగిన పెట్రోలులో కొంత కాలకుండానే వదిలేస్తాయి, ఎల్లోస్టోన్ పార్కులోకి అలాంటివాటిని రానివ్వరు కూడా. కానీ ఆ మాట అన్న మేము, రెండేళ్ళకోసారి నలుగురం విమానమెక్కి హైదరాబాదు పోయొస్తాం. పెళ్ళికో, తద్దినానికో, అమ్మని చూడటానికో. పెద్దాయన జన్మంతా స్లెడ్ మీద తిరిగిన పొగ పక్కన మా ప్రయాణాలు పెడితే ఎవరిది ఎక్కువో లెక్క వేసే ధైర్యం నాకు లేదు. కాబట్టి ఆ రాయి నేను వెయ్యను. నేనడిగేది వేరు. ఊరూరా క్లబ్బులున్నాయి, రైతుల్ని ఒప్పించగల నోళ్ళున్నాయి, దారుల డబ్బు కోసం శాసనసభ దాకా పోయి అడగడం వీళ్ళకి తెలుసు. మరి ఆ దారుల మీద మంచు ఎందుకు పడటం లేదన్న మాట అక్కడే ఎందుకు ఎత్తరు? చలికాలం పోతోందని నేను చెప్తే వాతావరణ పిచ్చిది అంటారు. నలభై ఏళ్ళు స్లెడ్ తోలిన బస్సు డ్రైవర్ చెప్తే వింటారు.

ఇంట్లో మాత్రం నేను సర్దుకోవడం మానేశాను. బెజ్జం వేసి కొలిచిన అంగుళాలు ఫోటో తీసి పంపితే తప్ప చెరువు మీదికి దిగకూడదని మా చిన్నాడికి షరతు. ఐదుకి తక్కువైతే ఎంత బతిమాలినా లేదు. మొదట మూతి ముడుచుకున్నాడు. ఇప్పుడు ఆ ఫోటోలు పెద్దావిడకి కూడా పంపుతున్నాడు.

ఈ నవంబరులో కర్రలు పాతే పని మొదలైంది. మావాడు పోయిన ఆదివారం పెద్దాయనతో పోయి చేతులకి బొబ్బలు తెచ్చుకున్నాడు. వచ్చే శనివారం క్లబ్బు సమావేశం. పెద్దావిడ, నేను కాఫీ చూసుకుంటాం. అడగాల్సిన ప్రశ్న ఒక కాగితం మీద ఇంగ్లీషులో రాసుకున్నాను, మావాడు రెండు తప్పులు దిద్దాడు. నేను నోరు విప్పకముందే తను అడిగేస్తానంటోంది పెద్దావిడ. చూడాలి. పులిహోర కూడా చేసుకుపోతున్నాను, కారం తగ్గించి.