మిల్లీసెకండుల సాక్ష్యము

ప్రేరణమునకును ప్రతిక్రియకును నడుమ గడచు కాలమును గొలిచి మనోవ్యాపారముల వేగము నెఱుంగు పద్ధతిని డచ్చి పండితుడు డాండర్సు 1868లో ప్రకటించెను. నేడా కొలత కంప్యూటరు చేతిలో బడినది. 20 మిల్లీసెకండ్ల భేదమే యొక సిద్ధాంతమును నిలుపవచ్చును, కూల్పవచ్చును. ఆ యంత్ర మెంత తడబడుచున్నదో ముందుగా విచారింపవలదా?

సెకండునకు 60 మారులు మాఱు తెరపై బొమ్మ 16.7 మిల్లీసెకండ్లవఱకు జాగుపడవచ్చును. సాధారణపు యు.ఎస్.బి. కీబోర్డును కంప్యూటరు 8 మిల్లీసెకండ్ల కొకమారు మాత్రమే పలుకరించుట కద్దు. ఇంతలో వైరసుల వెదకు ప్రోగ్రాము పిలువని పేరంటమునకు వచ్చి కూర్చుండును!

ఖరీదైన యంత్రమును గొన్న చాలునను వారు కలరు. అది భ్రమ. నెట్‌వర్కును తొలగింపుడు, వెనుక నడచు పనుల నాపుడు, బొమ్మను తెర మాఱు క్షణముతో జతపఱుపుడు, కీబోర్డునకు బదులు ప్రయోగమునకై చేసిన మీటలపెట్టె నుంచుడు. పిదప తెరకు ఫోటోడయోడు నంటించి, నిజముగా వెలుగు వచ్చిన క్షణమును గొలువుడు. యాదృచ్ఛికమైన తడబాటు పెక్కు ప్రయత్నముల సగటులో చాలవఱ కణగును; స్థిరమైన జాగు అణగదు. రోగుల నొక యంత్రముపైనను, ఆరోగ్యవంతులను వేఱొక యంత్రముపైనను పరీక్షించినచో, తెర చేసిన నేరము రోగి మెదడుపై బడును. తమ యంత్రముల జాగును గొలిచి చెప్పక, ఫలితములను మాత్రమే ప్రకటించు వ్యాసములను మేము నమ్మజాలము.