మింజూరు ముచ్చట్లు: ఇరకం దీవికి పోయివచ్చాము

"చేతిలో డబ్బు తక్కువ, ఇంట్లో కోరికలు ఎక్కువ. సెలవు దినాలలో పిల్లలను ఎక్కడికి తీసుకొనిపోవాలి?" అని మన సంఘంలోని ఒక సోదరి నాకు వ్రాశారు. ఆ లేఖ చదివి నేను నవ్వలేదు. అది మా ఇంటి లేఖే అనిపించింది.

మా ఆఫీసులో సూపరింటెండు గారు కిందటి వేసవిలో గ్రీసు దేశం చూచివచ్చారు. ఏథెన్సు నగరానికి పిరేయస్ అని ఒక రేవు ఉన్నదట. అక్కడ ఉదయం ఓడ ఎక్కితే ఈజినా, పోరోస్, హైడ్రా అనే మూడు దీవులను చూపించి, ఓడలోనే భోజనం పెట్టి, సాయంత్రానికి తిరిగి తెచ్చి దించుతారు. ఈజినాలో పిస్తా తోటలు. హైడ్రాలోనైతే కార్లు, మోటారు సైకిళ్ళు తిరగరాదు. సామానులు మోసేవి గాడిదలూ కంచర గాడిదలూ. మూడూ చక్కని దీవులే, సందేహం లేదు. కాని ఒక్కరోజులో మూడు చుట్టివచ్చినందువల్ల, ఫోనులోని బొమ్మలలో ఏది ఏ దీవో చెప్పడానికి ఆయన కాస్త తడుముకున్నారు.

ఇంటికి వచ్చి ఈ సంగతి చెప్పడం నా తప్పు. నా భార్య ఏమీ అనలేదు. అనకపోవడమే కష్టం. మా అమ్మాయి మాత్రం కాగితం, పెన్సిలు తీసుకొని కూర్చున్నది. ఆ దేశపు వీసాకు పెద్దవారికి తలకు తొంభై యూరోలు. 2024 జూన్ నుంచి అంత చేశారు. అంటే మన డబ్బులో ఇంచుమించు తొమ్మిది వేల రూపాయలు. వీసా ఇవ్వకపోయినా ఆ డబ్బు తిరిగి రాదు. ముప్పై వేల యూరోల భీమా ఒకటి వేరే చూపించాలి. విమానం సంగతికి రాకముందే మా అమ్మాయి పెన్సిలు కింద పెట్టింది.

అప్పుడు వంటింటి గడపలో కూర్చొని చిక్కుడుకాయలు ఒలుస్తున్న మా అమ్మ, "దీవి జూడాలంటే అంత దూరం పోవాల్నా నాయనా? నేను పుట్టింది దీవిలోనే గదా" అన్నది.

నిజమే. మా అమ్మ పుట్టిల్లు ఇరకం. పులికాట్ సరస్సు నడుమ ఉన్న దీవి. మా తాత పోయిన తరువాత మేనమామలు సూళ్ళూరుపేట చేరారు. ఆ పైన అమ్మ అటువైపు పోలేదు. నలభై ఏళ్ళు దాటింది. మింజూరులో రైలెక్కితే గంటన్నరలోపు ప్రయాణమే. అయినా ఒక్కనాడూ "అమ్మా, పోయివద్దామా?" అని నేను అడగలేదు. ఏథెన్సు రేవు పేరు ఒక్కపూటలో నేర్చుకున్నవాణ్ణి!

చిన్నవారి కోసం రెండు మాటలు. మన దేశంలో చిలక తరువాత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. తెలుగులో దీనికి ప్రళయకావేరి అని గంభీరమైన పేరున్నది. ఎక్కువ భాగం ఆంధ్రలో, దక్షిణపు కొస తమిళనాడులో. ఆ కొసన ఉన్న పళవేర్కాడులో డచ్చివారు 1613లో కోట కట్టారు. వారి సమాధులు నేటికీ ఉన్నాయి. మన ప్రాంతపు నేత బట్టలను ఓడలకెత్తి తూర్పు దీవులలో అమ్ముకున్నారు. తరువాత బకింగ్‌హాము కాలువ ఈ సరస్సు మీదుగానే పోయింది. ఒకప్పుడు శ్రీహరికోట కట్టెలు ఆ కాలువ పడవల మీదనే చెన్నపట్నం పొయ్యిలకు చేరేవి. 1971 నుంచి అదే శ్రీహరికోట నుండి రాకెట్లు లేస్తున్నాయి.

ఇక మా ప్రయాణం. మొదటిసారి కనుమ నాడు బయలుదేరాము. అదే పొరపాటు. పండుగ జనమంతా నీటి ఒడ్డునే ఉన్నారు. రేవు పేరు, పడవవాని పేరు చెప్పను. పది మంది పట్టే పడవలో ఇరవై మందిని కూర్చోబెట్టాడు. తేలుడు చొక్కాలు నాలుగు ఉన్నాయి గాని వాటిని ముక్కుకు తగిలించి అలంకారంగా ఉంచాడు. నేను అడిగితే, "ఏం కాదు సార్, మొల లోతు నీళ్ళే" అన్నాడు. అమ్మ అప్పటికే ఎక్కి కూర్చున్నది. ఒడిలో పులిహోర గిన్నె, పసుపు, కుంకుమ, ఒక రవికె గుడ్డ.

2011 క్రిస్మసు నాడు పళవేర్కాడు దగ్గర విహారానికి పోయిన పడవ బోల్తా పడి ఇరవై మందికి పైగా పోయారు. ఆ తరువాత అక్కడ విహారపు పడవలను అధికారులు నిషేధించారు. 2019లో గోదావరిలో కచ్చులూరు వద్ద జరిగిన ఘోరం మనం మరచిపోలేదు. ఆ రెండూ ఒక్కసారి కళ్ళముందు మెదిలాయి. "దిగమ్మా" అన్నాను.

అమ్మ నా ముఖం చూచింది. మారుమాట లేకుండా దిగింది. చుట్టూ ఉన్నవారు నన్ను పిరికివాడి కింద లెక్కగట్టారు. మా అమ్మాయి చాటుగా కన్నీళ్ళు తుడుచుకొన్నది. ఒడ్డున కూర్చొని పులిహోర తిని తిరిగి వచ్చాము. అయిదు వందలు వృథా. ఆ పడవ క్షేమంగానే పోయివచ్చిందని తరువాత తెలిసింది. అది తెలిసినందుకు సంతోషించాలో, సిగ్గుపడాలో తోచలేదు. అమ్మ మూడు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

రెండవసారి, ఫిబ్రవరి రెండవ శనివారం. ఈసారి ముందుగా విచారించుకొని పోయాము. మింజూరు నుంచి పోయే యూనిటు రైళ్ళు చాలావరకు గుమ్మిడిపూండితో ఆగిపోతాయి. సూళ్ళూరుపేట దాకా పోయేవి కొన్నే. కాబట్టి పోయే రైలు కంటె వచ్చే రైలు వేళ ముందు చూచుకోవాలి. ఆరంబాక్కం దాటితే తడ. అక్కడ దిగి ఆటోలో భీములవారిపాళెం. లారీలవారికి ఆ ఊరు చెక్‌పోస్టుగా తెలుసు. మాకు పడవల రేవుగా కావాలి.

ఒక పెద్దాయన పడవ దొరికింది. అందరికీ తేలుడు చొక్కాలు ఉన్నాయా అని అడిగితే కోపగించుకోలేదు, తీసి చూపించాడు. మొలతో ముడి తానే వేశాడు. పదకొండో మనిషిని తరువాత పడవకు రమ్మన్నాడు. తలకు యాభై రూపాయలు ఎక్కువ అడిగాడు. నేను గుమాస్తాను, పదిపైసలకు కూడా బేరమాడే అలవాటు ఉన్నవాణ్ణి. ఆడలేదు. అన్నం ఇంటి నుంచి కట్టుకొని పోవచ్చు, నీళ్ళు పట్టుకొని పోవచ్చు, పడవ మాత్రం కట్టుకొని పోలేము గదా!

"మొల లోతు నీళ్ళే అంటారే, అంత భయమెందుకు?" అని దారిలో అడిగాను.

"నీళ్ళు మొల లోతే సామీ. బురద లోతు ఎవురు కొలిచినారు?" అన్నాడు.

మాతో బాటు దీవి వాళ్ళ సరుకులూ ఎక్కాయి. బియ్యపు మూట, గ్యాసు సిలిండరు, మందుల సంచి. మనకు విహారం, వారికి బజారు. దూరాన నీళ్ళలో రాజహంసలు బారులు తీరి నిలుచున్నాయి. తమిళంలో వీటిని పూనారై అంటారు. అవి తినే నాచు, చిన్న రొయ్యలవంటివాటి వల్లనే వాటికి ఆ గులాబి వన్నె వస్తుందని మా అమ్మాయి చెప్పింది. అమ్మ అటు చూడలేదు. ఆమె చూపంతా ఎదుటి గట్టు మీదనే.

దిగిన తరువాత అమ్మ ముందు, మేము వెనుక. ఇల్లు లేదు. అక్కడ వేరెవరిదో మిద్దె ఉన్నది. చింతచెట్టు లేదు. ఒక ఇల్లాలు చేపలు ఎండబెడుతూ లేచి, "ఎవురింటి ఆడబిడ్డవమ్మా?" అన్నది. అమ్మ ఇంటిపేరు చెప్పింది. ఆమెకు తెలియలేదు. లోపలి నుంచి వాళ్ళ అత్త, చూపు సరిగా ఆననామె, "చింతచెట్టోళ్ళ పెద్దబిడ్డా?" అని కేక వేసింది. ఆ తరువాత ఒక గంట మాకక్కడ పని లేకపోయింది.

ఊరి వెనుక దొరువు చూపించింది అమ్మ. ఇసుకలో తవ్విన నీళ్ళ గుంట. చుట్టూ ఉప్పునీళ్ళున్నా ఇందులో తియ్యటి నీళ్ళుండేవని చిన్నప్పటి నుంచి మాకు చెప్పిన కథ. సగం పూడిపోయింది. అమ్మ వంగి దోసిట తీసుకొని నోట పోసుకొని, ఉమ్మివేసి, "ఉప్పగిల్లింది" అన్నది. ఇంకేమీ అనలేదు. ఆ ఇల్లాలి దగ్గరనే సీసా నిండా నీళ్ళు పట్టించుకొన్నది. రవికె గుడ్డ ఆమె అత్తకు పెట్టింది. వాళ్ళు ఎండుచేపలు పొట్లం కట్టి ఇచ్చారు. డబ్బు ఇవ్వబోతే నన్ను కసిరారు.

ఖర్చంటారా? రైలుకు నలుగురికి రానుపోను వంద లోపు. ఆటో, పడవ, టీలు, మొదటిసారి వృథా అయిన అయిదు వందలతో సహా రెండువేల ఆరువందలు. ఒకరి వీసా సొమ్ములో మూడో వంతుకు తక్కువే. ఆ రాత్రి ఇంటి లెక్కల పుస్తకంలో "విహారయాత్ర" అని పద్దు వ్రాశాను. మా అమ్మాయి పైకి చదివింది. అమ్మ విని, ఆ మాట కొట్టివేయించి, "పుట్టింటికి" అని వ్రాయించింది.