స్త్రీలలో మూత్రం ఆపుకోలేని బాధ: దాచుకోవలసిన జబ్బు కాదు

తలనొప్పి వస్తే ఇరుగుపొరుగుతో చెప్పుకుంటారు. మోకాళ్ళ నొప్పులైతే పెళ్ళి పందిట్లో కూడా ముచ్చటించుకుంటారు. కాని దగ్గినా, తుమ్మినా, బిందె ఎత్తినా చీర తడుస్తున్నదని నోరు విప్పి చెప్పే స్త్రీ మా తిరువూరు ప్రాంతంలో నాకు అరుదుగా కనిపిస్తుంది. నా వద్దకు వచ్చినవారు సైతం నడుము నొప్పి అనో, నీరసం అనో మొదలుపెట్టి, మందు పొట్లం చేతికి తీసుకుని గుమ్మం దాకా వెళ్ళిన తర్వాత అసలు సంగతి బయటపెడతారు. గుడిలో ప్రదక్షిణలు మానుకున్నవారు, విజయవాడ బస్సెక్కడం మానుకున్నవారు, చివరకు మంచినీళ్ళు తాగడమే మానుకున్నవారు వీరిలో ఉన్నారు. వయసు మీద పడితే ఇంతే కదా అని ఇంటిల్లిపాదీ సరిపెట్టుకోవడం నాకు సమ్మతం కాదు. వయసుతో ఈ బాధ ఎక్కువగా కనిపించే మాట నిజమే గాని, చికిత్స లేదన్న మాట నిజం కాదు.

ముందుగా తెలుసుకోవలసినది, ఇది ఒకే వ్యాధి కాదు. దగ్గు, తుమ్ము, నవ్వు, బరువు ఎత్తడం వంటి ఒత్తిడికి చుక్కలుగా జారడం ఒక రకము. కాన్పులలో సాగి, బలం తగ్గిన కటి కండరములు దీనికి ముఖ్య కారణము. ఉన్నట్టుండి ఆపుకోలేని వేగం పుట్టి, మరుగుదొడ్డి చేరేలోపే జరిగిపోవడం రెండవది. ఇందులో మూత్రాశయమే అకాలంగా ముడుచుకొంటుంది. పలువురిలో ఈ రెండూ కలిసి ఉంటాయి. మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాక, నిండి పొర్లడం మరొకటి. మన శాస్త్రంలో మలమూత్రముల విసర్జన అపానవాయువు అధీనము. చరకాచార్యులు అణచరాని వేగములు పదమూడు చెప్పి, వాటిలో మూత్రవేగమును మొట్టమొదట పేర్కొన్నారు. పాఠశాలల్లో, బట్టల దుకాణాల్లో, మిరప కోతల్లో మరుగు దొరకక పగలంతా బిగబట్టుకునే స్త్రీలను చూసినపుడు ఆ అధ్యాయమే నాకు జ్ఞాపకం వస్తుంది.

మా గురుకులంలో మందు పేరు చెప్పడానికి ముందు రోగిని పది ప్రశ్నలు అడగాలనే నియమం ఉండేది. నేడు మా వృత్తిలోనే కొందరు అడగకుండానే ఒకే చూర్ణం అందరికీ పంచుతున్నారు. మూత్ర సంబంధమైన బాధ అనగానే పల్లేరు కషాయం! చరకంలో మూత్రమును జారీ చేసే ద్రవ్యములు ఒక గణముగా, నిలువరించేవి వేరొక గణముగా ఉన్నాయి. పల్లేరు మొదటి గణములోనిది. ఆపుకోలేక బాధపడే ఆమెకు మూత్రం పెంచే మందు ఇవ్వడం ఏమి న్యాయం? రెండవ గణములో నేరేడు, మామిడి, మర్రి, రావి, మేడి వంటివి ఉన్నాయి. మామిడి తోటల నడుమ ఉన్న మనకు వాటిలో కొన్ని పెరటి చెట్లే. అయితే అదే గణములో నల్లజీడి కూడా ఉన్నది. శుద్ధి చేయనిదానిని తాకినా ఒళ్ళు పొక్కుతుంది. కనుక గ్రంథంలో పేరు చూసి ఇంట్లో కషాయం కాచుకోవద్దు. చంద్రప్రభావటి, వస్తి కర్మ వంటివి కూడా వైద్యుని పర్యవేక్షణలోనే జరగవలెను. నువ్వుల ఉండ బలమిచ్చే ఆహారమే గాని ఈ వ్యాధికి మందు కాదు. మధుమేహం ఉన్నవారికి అందులోని బెల్లం అపథ్యము.

మందుకంటె ముందు నేను చెప్పేది కటి కండరముల అభ్యాసము. 1948లో అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ దీనిని ప్రచారంలోకి తెచ్చారు. మన మూలబంధము దీనికి దగ్గరి బంధువే. అపానవాయువును, మూత్రమును ఆపడానికి బిగించే కండరములనే లోపలికి, పైకి లాగి ఐదారు సెకనులు నిలిపి, అంతసేపూ వదలవలెను. పొట్ట, తొడలు బిగించరాదు, ఊపిరి ఆపరాదు. పూటకు ఎనిమిది, పది పర్యాయములు, రోజుకు మూడు పూటలు. మూత్ర విసర్జన చేస్తూ దీనిని సాధన చేయరాదు. వారం రోజులు చేసి ఫలితం లేదని మానేవారే ఎక్కువ. కనీసం మూడు నెలలు చేయవలెను. ఆపుకోలేని వేగం రకమునకు, వెళ్ళే వ్యవధిని కొద్ది కొద్దిగా పెంచుకునే అలవాటు ఆరు వారాలైనా పట్టుదలగా కావలెను. మలబద్ధకం, స్థూలకాయం, ఎడతెగని దగ్గు, అదే పనిగా తాగే కాఫీ, టీలు ఈ బాధను పెంచుతాయి. నీళ్ళు తగ్గించడం మాత్రం తప్పు. మూత్రం చిక్కబడి మంట పుట్టించి వేగమును ఇంకా పెంచుతుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగానే చెప్పవలెను. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో దాదాపు 9 శాతం గర్భసంచి తీయించుకున్నవారు. దేశం మొత్తం మీద అది 3 శాతం పైచిలుకు మాత్రమే. తెల్లబట్టకు, నడుము నొప్పికి కూడా తీసివేతే పరిష్కారమని నమ్మించే పద్ధతి మన పల్లెలకు చేటు చేసింది. స్వీడన్‌లో దేశవ్యాప్తంగా జరిపి 2007లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, గర్భసంచి తీయించుకున్న స్త్రీలకు తర్వాతి కాలంలో మూత్రం జారే బాధకు శస్త్రచికిత్స అవసరమయ్యే ప్రమాదం రెండింతలకు పైగా కనిపించింది. క్యాన్సరు వంటి తప్పనిసరి కారణం ఉంటే తీయించుకోవలసినదే. అది లేనప్పుడు రెండవ వైద్యుని అభిప్రాయం అడగకుండా బల్ల ఎక్కవద్దు.

అల్లోపతిని నేను దూషించను. వేగము తగ్గించే మాత్రలు, ముట్లుడిగినవారికి యోనిలో పూసే హార్మోను లేపనము, జారిన గర్భాశయమును నిలిపే వలయము, చివరకు శస్త్రచికిత్స, ఇవన్నీ తగిన చోట తగినవే. మూత్రనాళం క్రింద ఆసరాగా అమర్చే పట్టీ ఎందరికో మేలు చేసింది. కొందరికి తీరని నొప్పినీ మిగిల్చింది. 2018లో ఇంగ్లండు ప్రభుత్వ వైద్య వ్యవస్థ దాని వాడకమును నిలిపి కఠిన నిబంధనలు పెట్టింది. అందుచేత ఏ రకం పట్టీ, తర్వాత ఇబ్బంది వస్తే ఏమిటి అని ముందే అడగండి.

మూత్రంలో నెత్తురు, జ్వరంతో మంట, మూత్రం బొత్తిగా రాకపోవడం, కాళ్ళలో తిమ్మిరి, కాన్పు తర్వాత రాత్రింబవళ్ళు ఆగకుండా కారడం, వీటిలో ఏది ఉన్నా ఇంటి వైద్యం కట్టిపెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్ళవలెను. తక్కినవారు వైద్యుని వద్దకు వెళ్ళే ముందు మూడు రోజులపాటు ఎన్ని గ్లాసుల నీరు తాగారో, ఎన్నిసార్లు వెళ్ళారో, ఎప్పుడు, ఏ పని చేస్తుండగా తడిసిందో ఒక కాగితం మీద వ్రాసుకొని, వాడుతున్న రక్తపోటు, షుగరు మాత్రల చీటీతో సహా తీసుకువెళ్ళండి. నోటితో చెప్పడానికి మొగమాటమైతే ఆ కాగితం వైద్యుని చేతికి ఇస్తే చాలు.