స్కోరు తర్వాత, ముందు గీత

మెదడు తరంగాలను బట్టి ధ్యానం కుదిరిందో లేదో చెప్పే హెడ్‌బ్యాండ్ తలకు పెట్టుకుని, స్కోరు రాలేదని మనసును తిట్టుకునేవాళ్లు ముందు నుదురు తుడుచుకోవాలి. 1924లో హాన్స్ బెర్గర్ తొలిసారి మనిషి మెదడు తరంగాలను నమోదు చేసిన నాటి నుంచి నేటి మ్యూజ్ హెడ్‌బ్యాండ్ దాకా చిక్కు ఒక్కటే: ఆ సంకేతం మరీ చిన్నది. తలపై చర్మం దగ్గర దొరికేది కొన్ని పదుల మైక్రోవోల్టులు. నుదుటి మీద క్రీమో విభూతో, చెవి వెనక కొబ్బరినూనో, సెన్సర్ కింద ఇరుక్కున్న నాలుగు వెంట్రుకలో చాలు, దాన్ని చెడగొట్టడానికి. శుభ్రంగా తుడిచి, సెన్సర్ ఆనేచోట వేలితో కాస్త తడి అద్ది, బ్యాండ్ సర్ది ఒకట్రెండు నిమిషాలు ఆగితే చాలా చిక్కులు అక్కడే తీరిపోతాయి. ఆ తర్వాత తప్పు మన వైపు ఉందేమో చూసుకోవాలి. రెప్ప వాలిస్తే తెర మీద ఆ సంకేతపు గీత ఎగిరిపడుతుంది, పళ్లు బిగిస్తే దవడ కండరాల రొదలో మెదడు మాట వినపడదు, పక్కన ఛార్జర్ ఉంటే ఇంటి కరెంటు 50 హెర్ట్‌జ్ గోల తోడవుతుంది. బ్యాండ్ సరిగ్గా కుదిరిందా అంటే పరీక్ష సులువే: కళ్లు మూస్తే 8-12 హెర్ట్‌జ్ ఆల్ఫా తరంగాలు చాలామందిలో పెరుగుతాయి, తెరిస్తే తగ్గుతాయి. ఇంత సులువైన పరీక్షను, అసలు గీతను మెనూల అడుగున దాచి, యాప్‌లు పక్షుల కిలకిలలు, నక్షత్రాలు మెప్పుగా ముందుపెట్టడం కొనేవాణ్ణి మభ్యపెట్టడమే. సంకేతం బాగాలేనప్పుడు మార్కులు వేయకుండా ‘ఈ పూట లెక్క తేలలేదు’ అని చెప్పగల యాప్‌కే మనం డబ్బు పెట్టాలి.