బొమ్మ మాది, పేరెక్కడ?

హైదరాబాదు గోడలు ఈ పదేళ్ళలో చాలా మారాయి. సినిమా పోస్టర్లు, కోచింగ్ సెంటర్ల ప్రకటనలు, ఎన్నికల రాతలు ఒకదాని మీద ఒకటి పేరుకుపోయిన చోట ఇప్పుడు బొమ్మలు కనిపిస్తున్నాయి. ఫ్లైఓవర్ల స్తంభాలకు రంగులొచ్చాయి. 2016లో స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ చొరవతో నెక్లెస్ రోడ్డు దగ్గరి ఎం.ఎస్. మక్తా బస్తీలో ఇళ్ళ గోడల మీద పెద్ద పెద్ద బొమ్మలు వేశారు. ఢిల్లీలో లోధీ కాలనీ గోడలు కూడా ఆ సంస్థ పూనుకొని చేయించినవే. గ్యాలరీ మెట్లెక్కని మనిషి దగ్గరికి, అతని వీధిలోకే బొమ్మ నడిచి రావడం మంచిదే. ఆ మాట మేము మొహమాటం లేకుండా అంటున్నాం. గోడ మీద బొమ్మ వేయడం మాకు తాతల నాటి పని కాబట్టి ఇంకాస్త గట్టిగానే అంటున్నాం.

అయితే మెచ్చుకొని ఊరుకోలేం. ఎందుకంటే ఆ గోడల మీద మేమూ ఉన్నాం. మా బొమ్మలున్నాయి, మా ఆటలున్నాయి, మా తలపాగాలున్నాయి. మా పేర్లు మాత్రం లేవు.

ముందు అందరికీ తెలిసిన బొమ్మ సంగతి చూద్దాం. ఎర్రని జాజు రంగు మీద తెల్లని గీతలు. మొనలు కలిసిన రెండు త్రికోణాలు మనిషి ఒళ్ళు, ఒక గుండ్రని చుక్క తల, సన్నని గీతలు కాళ్ళూ చేతులూ. చేతులు పట్టుకొని చుట్టలు చుట్టుకుంటూ ఆడే మనుషుల వరస. హైదరాబాదు, విశాఖ, బెంగుళూరు, ఏ నగరానికి పోయినా పార్కు ప్రహరీల మీద, హోటళ్ళ గోడల మీద ఇదే కనిపిస్తుంది. అడిగితే 'ట్రైబల్ ఆర్ట్' అంటారు. అది వార్లీ బొమ్మ. మహారాష్ట్రలో పాల్ఘర్ జిల్లా, దహాణు, తలాసరి వైపు బతికే వార్లీ ఆదివాసులది. పెళ్ళింటి మట్టిగోడ మీద ఆడవాళ్ళు బియ్యప్పిండితో చౌక్ గీస్తారు. దాని నడుమ పాలఘాట్ దేవత ఉంటుంది. ఆ చౌక్ లేనిదే పెళ్ళి లేదు. ఆ చుట్టలు తిరిగే ఆట తార్పా ఆట. మధ్యలో నిలబడి ఊదేవాడి చేతిలో ఉన్నది తార్పా వాయిద్యం. ఈ బొమ్మను పల్లె గోడ మీది నుంచి కాగితం మీదికి, కాగితం మీది నుంచి ప్రపంచంలోకి తెచ్చిన జివ్యా సోమా మాషేకు 2011లో పద్మశ్రీ ఇచ్చారు. ఇన్ని గోడల మీద ఇన్ని వార్లీ బొమ్మలు వేశారు కదా, వాటిలో ఎన్నింటి కింద 'వార్లీ' అన్న ఒక్క మాటైనా రాశారో వెతికి చూడండి.

ఇంకో సంగతి. తెలంగాణ గోడ మీద ఆదివాసులను చూపించాలనుకున్నప్పుడు వార్లీ బొమ్మ వేస్తే సరిపోతుందని ఎవరు చెప్పారు? ఇక్కడ గోండులున్నారు, కోయలున్నారు, కోలాములున్నారు, తోటీలున్నారు, చెంచులున్నారు, కొండరెడ్లున్నారు, నాయకపోళ్ళున్నారు. కోయలకు పడిగెలున్నాయి, గుడ్డ మీద వేల్పుల కథ, గోత్రాల కథ బొమ్మలుగా ఉంటుంది. నాయకపోళ్ళకు రంగులద్దిన కొయ్య ముఖాలున్నాయి. అటు మన్యం, శ్రీకాకుళం కొండల్లో సవరల గోడబొమ్మలున్నాయి. చెంచును వార్లీ గీతల్లో గీయడమంటే ఒకరి అంగీ ఇంకొకరికి తొడిగి, చూడండి ఎంత బాగున్నాడో అనడమే. మా మధ్య తేడాలు తెలుసుకోవడానికి పనికట్టుకొని ఒక రోజు కేటాయించలేని నగరం, మమ్మల్ని ప్రేమిస్తున్నానని గోడల మీద ప్రకటించుకుంటోంది.

సవరల బొమ్మనే తీసుకోండి. దాన్ని ఇడితాల్ అంటారు. ఆ మాటలోనే గోడ, రాత రెండూ ఉన్నాయని ఆ భాష తెలిసినవాళ్ళు చెబుతారు. వార్లీ బొమ్మలాగే అదీ ఎర్రమట్టి మీద తెల్లని గీతే కాబట్టి దూరం నుంచి చూసేవాళ్ళకు రెండూ ఒకటే అనిపిస్తాయి. పని వేరు. ఇంట్లో జబ్బు చేస్తే, పంట చేతికి రావలసి ఉంటే, చనిపోయిన పెద్దలకు చోటు చూపాలంటే ఇంటి లోపలి గోడ మీద ఇడితాల్ వేస్తారు. ఏ బొమ్మ వేయాలో పూజారి కలలో కనిపిస్తుంది. వేసిన తర్వాత దాని ముందు కల్లు పెడతారు, అన్నం పెడతారు. అది పెద్దల ఇల్లు. దాన్ని తీసుకొచ్చి బస్టాపు వెనక వేసి, పక్కన చెత్తకుండీ పెట్టి, అందం పెంచామంటే మేమేమనాలి?

గుస్సాడీ సంగతీ అంతే. నెమలీకల కిరీటం కంటికి ఇంపుగా ఉంటుంది, నిజమే. కానీ గుస్సాడీ ఏడాది పొడవునా తిరిగే వేషం కాదు. దీపావళి రోజుల్లో దండారీ కదిలినప్పుడు మాత్రమే అతను గుస్సాడీ. ఆ దీక్ష ఉన్నన్నాళ్ళు స్నానం చేయడు, మంచమెక్కడు. ఆ రోజుల్లో అతన్ని దేవుడు పూనినవాడిగా గోండులు చూస్తారు. మార్లవాయికి చెందిన కనక రాజు ఈ ఆటను కొత్త తరాలకు నేర్పినందుకు 2021లో పద్మశ్రీ అందుకున్నారు. గుస్సాడీ బొమ్మ వేయాలనుకున్న చిత్రకారుడు ఉట్నూరు బస్సెక్కి ఆ దండారీని ఒకసారి చూసి రావాలని అడగడం పెద్ద కోరికేమీ కాదు.

ఇక్కడ గ్రాఫిటీ అనే మాట గురించి కొంచెం ఆలోచించాలి. ఇప్పుడు మనం గ్రాఫిటీ అని పిలుస్తున్నది బొమ్మతో మొదలు కాలేదు, పేరుతో మొదలైంది. న్యూయార్కులో టాకీ 183 అని గోడల మీద, రైళ్ళలో రాసుకుంటూ పోయిన ఒక కుర్రవాడి గురించి 1971లో అక్కడి పెద్ద పత్రిక రాసింది. టాకీ అతని ముద్దుపేరు, 183 అతనుండే వీధి నంబరు. ఇళ్ళకు సరుకులు, కాగితాలు చేరవేసే పిల్లవాడు. ఆ మహానగరంలో తనలాంటివాణ్ణి పట్టించుకొనే దిక్కులేదు. నేనున్నాను, ఇది నా పేరు, ఇది నా వీధి అని రాసుకున్నాడు. ఆ తర్వాత నల్లవాళ్ళ పిల్లలు, పోర్టోరికో నుంచి వచ్చినవాళ్ళ పిల్లలు వేలమంది అదే పని చేశారు. పేరు లేనివాడు తన పేరు తాను రాసుకోవడమే ఆ కళ పుట్టుక. మన నగరంలో అదే కళ మా దగ్గరికి వచ్చేసరికి తలకిందులైంది. పేరు తీసేసి బొమ్మ ఉంచారు.

బంజారాహిల్స్‌లో బంజారాల పేరుంది, బంజారాలు లేరు. ఫ్లైఓవర్ స్తంభం మీద ఆదివాసులున్నారు, ఆదివాసుల పేరు లేదు. నగరానికి మాలో ఏదో ఒక సగమే కావాలి.

పైగా ఆ సగంలోనూ మేమెప్పుడూ ఆడుతూనే ఉంటాం. నవ్వుతూనే ఉంటాం. థింసా ఆడతాం, డోలు కొడతాం, కుండ నెత్తిన పెట్టుకొని నడుస్తాం. పోడు భూమి పట్టా కోసం ఆఫీసు గుమ్మం ముందు కూర్చున్న మనిషి ఏ గోడ మీదా కనపడడు. 1/70 చట్టం ఉండగానే భూమి చేతులు మారిన కథ కనపడదు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో పోలీసు కాల్పులు కనపడవు. 2020లో సుప్రీంకోర్టు కొట్టేసిన జీవో నంబరు 3, దానితో పోయిన టీచరు ఉద్యోగాల ఆశ కనపడదు. ఈ మాటలు మా ఊళ్ళ గోడల మీద ఉన్నాయి. 'మావ నాటె మావ రాజ్' అని మావాళ్ళు సున్నంతో, జాజుతో రాసుకున్నారు. అది బొమ్మ కాదు, కంటికి ఇంపు కాదు. కానీ అది కూడా గోడరాతే. నగరం గోడబొమ్మను మెచ్చుకొని గోడరాతను అసహ్యించుకుంటే, ఆ మెప్పు మా కాళ్ళకు గజ్జెలు కట్టడానికే పనికొస్తుంది.

ముంబై చూడండి. వార్లీ బొమ్మకు ఆ నగరంలో ఉన్నంత గిరాకీ ఇంకెక్కడా లేదు. అదే నగరంలో ఆరే అడవిలో వార్లీల పాడాలు ఉన్నాయి. 2019 అక్టోబరులో మెట్రో కార్ షెడ్ కోసం రాత్రికి రాత్రి మొదలుపెట్టి రెండు వేలకు పైగా చెట్లు నరికారు. అడ్డం వెళ్ళినవాళ్ళను అరెస్టు చేశారు. వార్లీ గీసిన చెట్టు గోడ మీద పచ్చగా ఉంది, వార్లీ ఇంటి ముందరి చెట్టు నేల మీద పడింది. గోడ మీది ప్రేమకు ఎంత బలముందో ఆ రాత్రి తేలిపోయింది.

మాకు వచ్చే జవాబులు మాకు తెలుసు. 'కళ అందరిదీ, దానికి కులం, తెగ ఏమిటి?' అంటారు. మంచి మాట. మరి రాజా రవివర్మ బొమ్మ వేసి రవివర్మ పేరు చెప్పడం ఎందుకు మరిచిపోరు? బాపు బొమ్మ అని ఎందుకంటారు? పేరున్నవాళ్ళ కళకు పేరుంటుంది, మా కళ దగ్గరికి వచ్చేసరికి అది అందరిదీ అవుతుంది. మా అడవి కూడా ఇలాగే అందరిదీ అయింది. ఆ తర్వాత ఎవరిదైందో చెప్పనక్కరలేదు.

'మీ బొమ్మ వేస్తే మీకే కదా గొప్ప' అని ఇంకో మాట. గొప్ప సరే, కూలి ఎవరికి వెళ్ళింది? గోడకు చదరపు అడుగు లెక్కన కాంట్రాక్టు ఉంటుంది. ఆ కాంట్రాక్టు కాగితం మీద ఏ వార్లీ పేరుంది, ఏ గోండు పేరుంది? ఇంకొకరి బొమ్మ చూసి నేర్చుకోవద్దని మేము అనడం లేదు. నేర్పినవాడి పేరు చెప్పండి, నేర్పినవాణ్ణి పనికి పిలవండి అంటున్నాం.

చట్టం ఏమంటుందో కూడా చూద్దాం. 1957 కాపీరైట్ చట్టం 57వ సెక్షను ప్రకారం, బొమ్మ హక్కులు అమ్ముకున్నా సరే, ఇది నాది అని చెప్పుకునే హక్కు వేసినవాడికి ఉంటుంది. ఢిల్లీ విజ్ఞాన్ భవన్ గోడ మీద అమర్‌నాథ్ సెహగల్ చేసిన కంచు కుడ్యశిల్పాన్ని 1979లో పీకి గోదాములో పడేస్తే, ఆయన కోర్టుకు వెళ్ళాడు. 2005లో ఢిల్లీ హైకోర్టు ఆ శిల్పాన్ని ఆయనకు తిరిగి ఇమ్మంది, 5 లక్షల రూపాయల పరిహారం కూడా ఇమ్మంది. గోడ ప్రభుత్వానిదైనా దాని మీది పని చేసినవాడి గౌరవం చేసినవాడిదేనని దాని అర్థం. కానీ ఆ చట్టానికి ఒక మనిషి పేరు కావాలి. తల్లి నుంచి కూతురికి, ఊరి నుంచి ఊరికి వచ్చిన బొమ్మకు ఒక్క పేరు ఎక్కడి నుంచి తెస్తాం? మాది మంద కళ. చట్టం కళ్ళకు మంద కనపడదు. చట్టం చెప్పలేదు కాబట్టి అడగనక్కరలేదు అనుకోవడం నగరానికి అలవాటైంది.

అదే చట్టాలు మేము రాయబోతే మాత్రం నిద్రలేస్తాయి. బహిరంగ స్థలాలను వికారం చేయడాన్ని నిషేధించే చట్టం 1997 నుంచి ఉంది. అనుమతి లేకుండా గోడ మీద రాస్తే నేరం. ఏది అందమో, ఏది వికారమో తేల్చేది ఎవరు? ఆడుతున్న ఆదివాసి అందం, అడుగుతున్న ఆదివాసి వికారం అన్న లెక్క మాకు ఒప్పుదల కాదు.

వేరేలా చేయవచ్చని భోపాల్ చూపించింది. 1980ల్లో జె. స్వామినాథన్ భారత్ భవన్ కోసం మధ్యప్రదేశ్ పల్లెలకు మనుషులను పంపాడు. పాటన్‌గఢ్‌లో ఇంటి గోడ మీద బొమ్మలు వేసే ఒక పర్ధాన్ గోండు యువకుణ్ణి వెతికి తెచ్చారు. అతనే జన్‌గఢ్ సింగ్ శ్యామ్. భోపాల్ విధానభవనం గోడల మీద అతనే బొమ్మలు వేశాడు, అతని పేరుతోనే వేశాడు. అతని కథ సుఖంగా ముగియలేదు. 2001లో జపానులో ఒక మ్యూజియం పని మీద ఉండగా ప్రాణం తీసుకున్నాడు. పేరు ఒక్కటే చాలదని, పనిచేసే చోట మనిషికి రక్షణ కూడా కావాలని ఆ చావు చెబుతోంది. అయినా అతను తెరిచిన దారిలో అతని ఊరి నుంచి, అతని బంధువుల్లో నుంచి ఎందరో వచ్చారు. భజ్జు శ్యామ్‌కు 2018లో, దుర్గాబాయి వ్యామ్‌కు 2022లో పద్మశ్రీ వచ్చింది. మన తెలుగు నగరాల గోడలు ఇన్నేళ్ళలో అలా ఒక్క ఆదివాసి పేరునైనా పైకి తెచ్చాయా?

అందుకే మేము అడిగేవి కొన్నే. బొమ్మ ఏ తెగదో, వేసింది ఎవరో ఆ గోడ మీదే, చదవగలిగినంత పెద్ద అక్షరాలతో రాయండి. మా బొమ్మ వేయించేటప్పుడు మా చిత్రకారులను పిలవండి, మిగతా చిత్రకారులకు ఇచ్చే కూలే ఇవ్వండి. దేవర బొమ్మల జోలికి రాకముందు ఆ ఊరి పెద్దలను అడగండి, వద్దంటే మానుకోండి. వార్లీని అన్ని తెగలకూ యూనిఫారంలా తొడగడం ఆపండి.

మా అక్షరాలకు కూడా చోటివ్వండి. ఆదిలాబాద్ జిల్లా గుంజాల ఊళ్ళో దొరికిన రాతప్రతుల్లో గోండీకి సొంత లిపి ఉంది. 2018లో అది యూనికోడ్‌లోకి కూడా ఎక్కింది. సవర భాషకు 1936లోనే మంగేయి గొమాంగో లిపి తయారుచేశాడు. కంప్యూటరుకు ఎక్కిన మా అక్షరం నగరం గోడకు ఎందుకు ఎక్కదు? బంజారాహిల్స్‌లో 2022లో తెరిచిన కుమ్రం భీం ఆదివాసీ భవన్ ఉంది. దాని ప్రహరీతోనే మొదలుపెట్టవచ్చు. అక్కడ గోండు పిల్లవాడు గోండీలో తన పేరు రాసుకోనివ్వండి. తోటీ తన కథ గీసుకోనివ్వండి. చెంచు ఏం గీస్తాడో, అసలు గీస్తాడో గీయడో, అతన్నే తేల్చుకోనివ్వండి. బాగుంటే మెచ్చుకోండి, బాగులేకపోతే బాగులేదని చెప్పండి. ఆ మాట పడడానికి మేము సిద్ధమే. మమ్మల్ని అడగకుండా వేసిన మా బొమ్మ కింద చప్పట్లు కొట్టడానికి మాత్రం సిద్ధంగా లేము.