ఉసిరికొమ్మ

గత కార్తికమున బాపట్ల సూర్యలంక యిసుకతిన్నెలపై వనభోజనమునకు పోయితిమి. ఎల్లెడల వెలుపలినుండి తెచ్చి పెంచిన సరుగుడుచెట్లే. ఉసిరి లేదు! తెనాలినుండి కొనిపోయిన యొక కొమ్మను ఇసుకలో గ్రుచ్చి, దీపము పెట్టి, ప్రదక్షిణము చేసి, సాయంకాల మచటనే వదలి వచ్చితిమి. పులిహోర బాగుగనే యుండెను. నాకు ముద్ద దిగలేదు.

1950లో మున్షీగారు నెలకొల్పిన వనమహోత్సవము జూలైలో వచ్చును. మొక్క వేరూనుట కదియే యదను. కార్తికమునాటికి వానలు వెనుకబట్టును. ఇప్పుడు నాటినచో నేదో యొక కార్తికమున దాని నీడనే విస్తళ్లు వేయవచ్చును. నీరు నిలువని గుడితోట చాలును. రేపల్లె దిగువ, నిజాంపట్నపు ఉప్పునేలలలో మాత్రము ఉసిరి వలదు. అచట మడయే దేశవాళి చెట్టు, దానిని నఱకనీయకున్న జాలును.

నాడు మిగిలిన కాయల టెంకల నెండబెట్టితిని. పగిలి గింజలు రాలినవి. మొలకలు జానెడైనవి. కావలసినవారు కుండతో రండు.