ఓటరు కార్డు ఉంది.. ఓటే వేయరు! ‘నా ఒక్క ఓటుతో ఏమవుతుంది’ అనే యువతకు లెక్కలు ఏం చెబుతున్నాయి?

* పేరు నమోదులో తెలంగాణ యువత టాప్.. పోలింగ్‌లో హైదరాబాద్ లాస్ట్
* 9 ఓట్లు, 25 ఓట్లతో తేలిపోయిన ఫలితాలు
* ఓటు వేయకపోతే అది నిరసన అవుతుందా? పార్టీలు దాన్నెలా చూస్తాయి?

హైదరాబాద్: ఓటరుగా పేరు రాయించుకోవడంలో తెలంగాణ కుర్రకారు దేశంలోనే ముందున్నారు. 2024 లోక్‌సభ ఎన్నికల ముందు దేశవ్యాప్తంగా 18-19 ఏళ్ల వయసువారిలో జాబితాకెక్కింది 40 శాతం లోపే. తెలంగాణలో మాత్రం దాదాపు మూడింట రెండొంతుల మంది పేర్లు నమోదయ్యాయి. ఇంతవరకు బాగానే ఉంది. తీరా మే 13న పోలింగ్ జరిగితే హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో 48 శాతం, సికింద్రాబాద్‌లో 49 శాతం, మల్కాజిగిరిలో 50 శాతం దగ్గరే ఆగిపోయింది. నగరాన్ని ఆనుకుని ఉన్న భువనగిరిలో ఇది 76 శాతం దాటింది.

అదే రోజు ఏపీలో అసెంబ్లీకి, లోక్‌సభకు కలిపి పోలింగ్ జరిగింది. అక్కడ 81 శాతం దాటింది. ప్రకాశం జిల్లా దర్శిలోనైతే ఏకంగా 90 శాతం పైనే. ఆ ఓటు కోసమే హైదరాబాద్ నుంచి వేల మంది సొంతూళ్లకు బయల్దేరారు. విజయవాడ హైవేపై టోల్‌గేట్ల దగ్గర వాహనాలు బారులు తీరాయి. బస్సుల్లో సీటు దొరకలేదు. అంటే ఇదే నగరం నుంచి కొందరు ఓటు కోసం వందల కిలోమీటర్లు వెళ్లారు. ఇక్కడే ఓటున్న చాలామంది పక్క వీధిలోని స్కూలు దాకా కూడా వెళ్లలేదు.

తేడా ఎక్కడుంది? దూరంలో కాదు. ఓటు వేస్తే తమ జీవితంలో ఏదో మారుతుందనే నమ్మకంలో ఉంది.

తప్పంతా కుర్రాళ్లదేనా?

కాదు. పోలింగ్ శాతంలో అన్ని వయసులవాళ్లూ ఉంటారు. పైగా నగర జాబితాల్లో ఇల్లు మారిపోయినవాళ్లు, ఊళ్లో ఒక ఓటు, ఇక్కడ ఒక ఓటు ఉన్నవాళ్లు, చనిపోయినవారి పేర్లు కూడా ఉంటాయన్న ఫిర్యాదులు ఎప్పటినుంచో ఉన్నాయి. వాటిని తీసేస్తే అసలు శాతం కొంత పెరుగుతుంది. కాబట్టి ‘యూత్ రీల్స్ చూస్తూ ఇంట్లో పడుకున్నారు’ అని తేల్చేయడం అన్యాయం.

అయితే 20, 22 ఏళ్ల కుర్రాళ్లను కదిలిస్తే వచ్చే మాటలు మాత్రం దాదాపు ఒకేలా ఉంటాయి. ‘ఎవరొచ్చినా అంతే’. ‘నా ఒక్క ఓటుతో ఏమవుతుంది?’. ‘నాకు పాలిటిక్స్ అంటేనే చిరాకు’. ఈ మూడు మాటలకూ లెక్చర్లు పనిచేయవు. ‘ఓటు పవిత్రం’ అని చెబితే తలూపి ఫోన్ చూసుకుంటారు. అందుకే ఒక్కో మాటనూ లెక్కలతోనే చూద్దాం.

‘నా ఒక్క ఓటుతో ఏమవుతుంది?’

నిజం ఒప్పుకోవాల్సిందే. లక్షల ఓట్లున్న నియోజకవర్గంలో ఒక్క ఓటు ఫలితాన్ని తిప్పేసే సందర్భాలు చాలా అరుదు. కానీ లేవని కాదు. 2008 రాజస్థాన్ అసెంబ్లీ ఎన్నికల్లో నాథ్‌ద్వారా నుంచి పోటీ చేసిన కాంగ్రెస్ సీనియర్ నేత సీపీ జోషి ఒకే ఒక్క ఓటుతో ఓడిపోయారు.

మన దగ్గరికి వస్తే, ఓటు వయసును 21 నుంచి 18 ఏళ్లకు తగ్గిస్తూ చేసిన 61వ రాజ్యాంగ సవరణ 1989 మార్చిలో అమల్లోకి వచ్చింది. అదే ఏడాది చివర్లో లోక్‌సభ ఎన్నికలు జరిగాయి. 18 ఏళ్లవాళ్లు తొలిసారి ఓటేసిన సార్వత్రిక ఎన్నికలవి. ఆ ఎన్నికల్లో అనకాపల్లి ఎంపీ స్థానం తేలింది 9 ఓట్ల తేడాతో! కొణతాల రామకృష్ణ గెలిచారు. ఒక ఇంట్లో ఇద్దరు ముగ్గురు ఓటర్లుంటే, నాలుగిళ్లవాళ్లు ఆ రోజు ఏం చేశారన్నదే ఎంపీని నిర్ణయించిందన్నమాట.

2019లో విజయవాడ సెంట్రల్ అసెంబ్లీ సీటు 25 ఓట్లతో తేలింది. 2023 తెలంగాణ ఎన్నికల్లో చేవెళ్ల సీటు 268 ఓట్లతో తేలింది.

అన్నింటికంటే ఆలోచించాల్సింది యాకుత్‌పురా గురించి. 2023లో తెలంగాణ మొత్తంలో అతి తక్కువ పోలింగ్ అక్కడే, 40 శాతం కూడా లేదు. పది మంది ఓటర్లుంటే ఆరుగురు రాలేదు. అక్కడి మెజారిటీ ఎంతో తెలుసా? 878 ఓట్లు. గెలిచిన పార్టీకి, ఓడిన పార్టీకి మధ్య తేడా వందల్లో ఉంది. ఇంట్లో ఉండిపోయినవాళ్లు లక్షల్లో ఉన్నారు. వాళ్లంతా ‘నా ఒక్క ఓటే కదా’ అనుకుని ఉంటే, ఆ ఒక్కొక్క ఓటూ కలిసి ఎంత పెద్ద కుప్ప అయ్యిందో లెక్క చెబుతూనే ఉంది.

‘ఓటు వేయకపోవడమే నా నిరసన’

చాలామంది చదువుకున్న కుర్రాళ్లు చెప్పే మాట ఇది. వినడానికి బాగుంటుంది. కానీ పార్టీ ఆఫీసులో ఈ నిరసన ఎవరికీ కనిపించదు.

ఎందుకంటే ఓటు ఎవరికి వేశారన్నది రహస్యమే కానీ, వేశారా లేదా అన్నది రహస్యం కాదు. పోలింగ్ కేంద్రంలో కూర్చునే ఏజెంట్ల చేతిలో ఓటర్ల జాబితా ఉంటుంది. వచ్చినవాళ్ల పేర్లకు టిక్కులు పెడుతూ పోతారు. సాయంత్రానికి ఏ వీధి కదిలిందో, ఏ అపార్ట్‌మెంట్ కదల్లేదో వాళ్లకు అర్థమైపోతుంది. ఫలితాల తర్వాత ఏ బూత్‌లో ఎవరికి ఎన్ని ఓట్లు పడ్డాయో ఎన్నికల సంఘమే బయటపెడుతుంది. తర్వాతి ఎన్నికల ప్లానింగ్ అంతా ఆ కాగితాల మీదే నడుస్తుంది.

ఒక చిన్న లెక్క వేద్దాం. ఒక బూత్‌లో వెయ్యి మంది ఓటర్లు ఉన్నారనుకుందాం. అందులో 300 మంది 30 ఏళ్లలోపు వాళ్లు. పోలైంది 450 ఓట్లు. ఆ 300 మందిలో వచ్చింది 60 మందే. ఇప్పుడు అభ్యర్థి స్థానంలో కూర్చుని ఆలోచించండి. మిగతా 390 ఓట్లు పెద్దవాళ్లవి. పింఛన్ గురించి మాట్లాడతారా? హాస్టల్ ఫీజుల గురించా? సమాధానం వేరే చెప్పనక్కర్లేదు.

‘యువతను ఏ పార్టీ పట్టించుకోవడం లేదు కాబట్టి ఓటేయం’ అని కుర్రాళ్లు అంటారు. ‘వాళ్లు ఎలాగూ ఓటేయరు కాబట్టి పట్టించుకోం’ అని పార్టీలు అనుకుంటాయి. ఈ చక్రాన్ని ఎవరో ఒకరు ఆపాలి. పార్టీ ఆపదు, దానికి అవసరం లేదు.

ఇక నోటా సంగతి. అభ్యర్థులెవరూ నచ్చకపోతే 2013 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత వచ్చిన ఈ బటన్ నొక్కవచ్చు. 2024లో ఇండోర్ లోక్‌సభ స్థానంలో 2 లక్షల 18 వేలకు పైగా ఓట్లు నోటాకే పడ్డాయి. లోక్‌సభ, అసెంబ్లీ ఎన్నికల్లో నోటా వల్ల ఎన్నిక రద్దు కాదు. నోటాకు ఎక్కువొచ్చినా, అభ్యర్థుల్లో ముందున్నవారే గెలుస్తారు. ఇది తెలుసుకునే నొక్కాలి. అయినా ఒక తేడా ఉంది. ఇండోర్‌లో ఆ కోపానికి ఒక నంబర్ వచ్చింది. దేశమంతా దాని గురించి మాట్లాడుకుంది. ఇంట్లో కూర్చున్నవారి కోపానికి ఏ నంబరూ ఉండదు. బద్ధకస్తుల లెక్కలోనే కలిసిపోతుంది.

‘ఎవరొచ్చినా అంతే కదా!’

ఇందులో కొంత నిజం ఉంది. ఇచ్చిన మాటలన్నీ ఏ ప్రభుత్వమూ పూర్తిగా నిలబెట్టుకోలేదు. కానీ యువత ఓటు బ్యాంకుగా కనిపించినప్పుడు ఏం జరుగుతుందో రెండు రాష్ట్రాలూ ఈ మధ్యే చూశాయి.

తెలంగాణలో 2022 అక్టోబర్‌లో జరిగిన గ్రూప్-1 ప్రిలిమ్స్ పేపర్ లీకేజీతో రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ పెట్టిన పరీక్షను హైకోర్టు రద్దు చేసింది. ఏళ్ల తరబడి చదివినవాళ్ల గోడు అదే ఏడాది నవంబర్ నాటికి ఎన్నికల ప్రచారంలో పెద్ద అంశమైంది. నేతలు అశోక్‌నగర్, చిక్కడపల్లి వచ్చి అభ్యర్థుల మధ్య కూర్చున్నారు. కొల్లాపూర్‌లో ‘బర్రెలక్క’ శిరీష నిరుద్యోగుల గొంతుగా ఇండిపెండెంట్‌గా నిలబడి ఓడిపోయినా 5 వేలకు పైగా ఓట్లు తెచ్చుకున్నారు. ఎన్నికల తర్వాత సర్వీస్ కమిషన్‌లో కొత్తవాళ్లు వచ్చారు. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త గ్రూప్-1 నోటిఫికేషన్ వచ్చింది.

ఏపీలో టీచర్ పోస్టుల భర్తీ 2024 ఎన్నికల్లో ప్రధాన హామీ. ముఖ్యమంత్రిగా చంద్రబాబు బాధ్యతలు తీసుకోగానే పెట్టిన తొలి సంతకం 16,347 పోస్టుల మెగా డీఎస్సీ ఫైలుపైనే.

అంతటితో కష్టాలు తీరిపోయాయా? లేదు. 2024 అక్టోబర్‌లో గ్రూప్-1 అభ్యర్థులు మళ్లీ అశోక్‌నగర్ రోడ్ల మీదకు వచ్చారు. వివాదాలు మళ్లీ కోర్టు మెట్లెక్కాయి. ఏ పార్టీ గెలిచిందన్నది పక్కన పెట్టి చూస్తే అర్థమయ్యేది ఒక్కటే. ఓటు వేసినంత మాత్రాన సమస్య తీరదు, కానీ ఓట్లున్న సమస్య ఎజెండాలోకి ఎక్కుతుంది. ఓట్లు లేని సమస్య వినతిపత్రంగానే మిగిలిపోతుంది.

ఇంట్లో అలాంటి కుర్రాడుంటే ఏం చేయాలి?

తల్లిదండ్రులు, అన్నలు, అక్కలు చేసే తప్పు ఒకటుంది. ‘ఫలానా గుర్తుకు వెయ్యి’ అని మొదలుపెడతారు. అక్కడితో మాట ముగిసిపోతుంది. ఎవరికి వేయాలన్నది వాళ్లకే వదిలేసి, వాళ్ల చిరాకు దేని మీదో అడగడం మేలు.

ఒక్కొక్కరిదీ ఒక్కో చిరాకు. కాలేజీకి బస్సు రాదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ పడలేదని సర్టిఫికెట్లు ఇవ్వరు. వానపడితే గల్లీలో మోకాళ్ల లోతు నీళ్లు. ఆ చిరాకు ఎవరి చేతిలో ఉందో చెబితే చాలు, పాలిటిక్స్ అంటే ఏంటో అదే అర్థమవుతుంది. గల్లీలో డ్రైనేజీ కార్పొరేటర్ దగ్గర మొదలవుతుంది. బస్సు, ఫీజు బకాయిలు రాష్ట్ర ప్రభుత్వానివి. రైల్వే ఉద్యోగాలు, నీట్ పరీక్ష కేంద్రం పరిధిలోవి. ‘నాకు పాలిటిక్స్ వద్దు’ అన్నంత మాత్రాన ఇవేవీ ఆ కుర్రాణ్ని వదిలిపెట్టవు.

అభ్యర్థులంతా ఒకేలా ఉన్నారనిపిస్తే, నామినేషన్‌తో పాటు వాళ్లిచ్చే అఫిడవిట్ చూడాలి. క్రిమినల్ కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు.. అన్నీ అందులో ఉంటాయి. ఎన్నికల సంఘం యాప్‌లో ఫోన్‌లోనే చూడొచ్చు. ఐదు నిమిషాల పని.

పోలింగ్ రోజు ‘వెళ్లిరా’ అనడం కంటే ‘పద, కలిసి వెళ్దాం’ అనడం బాగా పనిచేస్తుంది. తొలిసారి ఓటేసేవాళ్లలో చాలామందికి అక్కడ ఏం చేయాలో తెలియని బెరుకే సగం అడ్డంకి.

ఇవి ముందే చూసుకోండి

* 18 ఏళ్లు నిండినవారు ఫారం-6తో దరఖాస్తు చేసుకోవాలి. ఇప్పుడు ఏడాదికి నాలుగు అర్హత తేదీలున్నాయి: జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబర్ 1. 17 ఏళ్లు దాటినవారు ముందుగానే దరఖాస్తు పెట్టుకోవచ్చు.

* ఇల్లు మారితే, పేరులో తప్పులుంటే ఫారం-8. హాస్టల్‌లో ఉండి చదివేవాళ్లు సొంతూళ్లోనైనా, చదివే చోటైనా నమోదు చేయించుకోవచ్చు. రెండు చోట్లా ఉండటం మాత్రం చట్టవిరుద్ధం.

* చేతిలో కార్డు ఉన్నంత మాత్రాన చాలదు. జాబితాలో పేరుండాలి. పేరుండి కార్డు లేకపోతే ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్స్, పాస్‌పోర్ట్ వంటివి చూపించి ఓటేయొచ్చు.

* పోలింగ్ రోజు ప్రైవేటు ఉద్యోగులకూ జీతంతో కూడిన సెలవు ఇవ్వాలని చట్టమే చెబుతోంది.

* సందేహాలుంటే హెల్ప్‌లైన్ 1950. ఎన్నికల సంఘం యాప్‌లోనూ పేరు వెతుక్కోవచ్చు.

అసలు చిక్కు ఎక్కడొస్తుందంటే.. పేరు ఉందో లేదో చాలామంది పోలింగ్ రోజు ఉదయం చూసుకుంటారు. నామినేషన్ల గడువు ముగిశాక ఆ ఎన్నికకు కొత్తగా పేరు చేర్చరు. పంచాయతీ, మున్సిపల్ ఎన్నికలకూ అసెంబ్లీ ఓటర్ల జాబితానే ఆధారం. వార్డు స్థాయిలో గెలుపోటములు పదుల ఓట్లతోనే తేలిపోతుంటాయి. ఒక్క ఓటు బరువు అన్నింటికంటే ఎక్కువగా ఉండేది అక్కడే. కాబట్టి ఎన్నికల షెడ్యూల్ వచ్చేదాకా ఆగకుండా, జాబితాలో పేరు ఈరోజే చూసుకోవడం మంచిది.